భూమి గుండ్రమని మీరు చూశారా? విశాఖలో అనుమానాన్ని కొలతగా మార్చే పద్ధతి

"శాస్త్రవేత్తలు చెప్పారని నమ్మేయడమేనా? నువ్వు చూశావా?" అని ఇంట్లో బాబాయో, ఆఫీసులో పక్క సీటాయనో అడిగితే చాలామంది నవ్వేస్తారు. లేదంటే ఒక వీడియో పంపుతారు. రెండూ దండగే. నవ్వితే ఆయన పట్టుదల పెరుగుతుంది. వీడియో పంపితే, ఆయన దగ్గర మీకన్నా పది ఎక్కువే ఉంటాయి. అసలు ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. జవాబు చెప్పే పద్ధతే చాలామందికి తెలియదు. తూర్పున అడ్డులేని సముద్రం, ఒడ్డునే కొండ, దూరంగా లంగరేసుకున్న ఓడలు ఒకేచోట దొరికే విశాఖలో ఆ జవాబు చెప్పడం తేలిక. కాకపోతే ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని వదిలేస్తే మిగతా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు.

ముందు కాగితం, తర్వాతే కెమెరా

"భూమి బల్లపరుపుగా ఉంది" అన్న మాటని ఎవరూ పరీక్షించలేరు. "భూమి గుండ్రంగా ఉంది" అన్నదీ అంతే. "రామకృష్ణా బీచ్‌లో తడి ఇసుక మీద నిలబడి చూస్తే, 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓడ నీటి అంచు దాకా కనిపిస్తుంది" అంటే మాత్రం పరీక్షించొచ్చు. కాబట్టి ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఏం కొలుస్తున్నామో రాయండి. రెండో దానిలో ఇరుపక్షాలూ ఎంత వస్తుందనుకుంటున్నారో అంకెల్లో రాయాలి. మూడో గడి అసలైనది: ఎంత వస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను? కింద ఇద్దరూ సంతకం పెట్టి తేదీ వేయాలి.

మూడో గడి నింపనన్నవాళ్లతో బీచ్ దాకా వెళ్లకండి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాళ్లని ఏ కొలతా కదిలించదు. ఇది అనుమానించేవాళ్లకే కాదు, గుండ్రమనేవాళ్లకీ వర్తిస్తుంది. ఎన్ని మీటర్లు మునిగి కనిపిస్తుందో అంకె చెప్పలేనివాళ్లు కూడా ఒక మాటని గుడ్డిగా నమ్ముతున్నవాళ్లే. కాకపోతే వాళ్లు నమ్మింది నిజం, అంతే తేడా.

ఓడ పరీక్ష

కావాల్సినవి: ఎక్కువ జూమ్ ఉన్న కెమెరా (నికాన్ పీ900 లాంటి 83 రెట్ల జూమ్ ఉన్నదైతే మరీ మంచిది, బల్లపరుపు వాదులు ఎక్కువగా చూపించేది కూడా దాన్నే), గట్టి ట్రైపాడ్, టేపు, ఫోన్‌లో మెరైన్‌ట్రాఫిక్ లాంటి ఓడల జాడ చెప్పే యాప్.

లెక్క ఇది. మీ కంటి ఎత్తు, అంటే కెమెరా కటకం ఎత్తు, నీటి మట్టం నుంచి ఎన్ని మీటర్లో చూసి దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం, అంటే సముద్రం ఆకాశాన్ని కలిసినట్టు కనిపించే గీత, ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. గాలి కాంతిని కొద్దిగా కిందికి వంచుతుంది కాబట్టి మామూలు రోజుల్లో 3.57 బదులు 3.86 వాడితే నిజానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. కటకం 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే దిగంతం సుమారు 4.9 కిలోమీటర్లు. దాని అవతల ఉన్న ఓడకి, మొత్తం దూరంలోంచి దిగంతం దూరం తీసేసి, మిగిలినదాన్ని 3.86తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే అడుగు నుంచి ఎన్ని మీటర్లు కనపడకుండా పోవాలో తెలుస్తుంది. 10 కిలోమీటర్ల దూరంలో అది 2 మీటర్లలోపే. అలల మధ్య ఆ తేడా పట్టుకోలేం. 16 కిలోమీటర్లకి 8 మీటర్లు దాటుతుంది, 20 కిలోమీటర్లకి 15 మీటర్లు. అందుకే 15 కిలోమీటర్లకి తక్కువ దూరంలో ఉన్న ఓడని ఎంచుకోకండి. చాలా పరీక్షలు ఇక్కడే పాడవుతాయి. దగ్గరి ఓడని ఫొటో తీసి "చూడండి, మొత్తం కనిపిస్తోంది" అంటారు. 7 కిలోమీటర్ల ఓడ గుండ్రటి భూమి మీద కూడా దాదాపు మొత్తం కనిపిస్తుంది.

ఓడని ఎంచుకునేటప్పుడు దాని రంగు చూడండి. సరుకు దింపేసి ఖాళీగా ఉన్న పెద్ద ఓడకి నీటి మీద ఎర్రటి పట్టీ వెడల్పుగా తేలి ఉంటుంది. సరుకుతో నిండితే ఆ ఎరుపు నీటిలోకి దిగిపోతుంది. మీకు కావాల్సింది ఖాళీ ఓడ. దగ్గరగా ఉన్నప్పుడు ఎర్ర పట్టీ, దాని పైన నల్లటి లేదా నీలపు ఒళ్లు, వెనకవైపు తెల్లటి మేడ, ఇలా మూడు అంతస్తులుగా కనిపిస్తుంది. అదే ఓడ దిగంతం దాటితే ముందు ఎరుపు పోతుంది, తర్వాత ఒళ్లు పోతుంది, చివరికి తెల్ల మేడ ఒక్కటే నీళ్ల మీద పెట్టినట్టు నిలుస్తుంది. యాప్‌లో ఓడ ఉన్న అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, ఫోన్ మ్యాపులో మీరున్న చోటు నుంచి దూరం కొలవండి. కదులుతున్న ఓడకి యాప్ చూపే స్థానం కొన్ని నిమిషాల పాతది కావచ్చు. లంగరేసిన దానితో ఆ బెడద లేదు.

సమయం సాయంత్రం మూడు నుంచి ఐదు. మన తీరం తూర్పుకి తిరిగి ఉంటుంది. పొద్దున వెళ్తే సూర్యుడు ఓడ వెనక ఉండి అదంతా నల్లటి నీడలా కనిపిస్తుంది, రంగులు తెలియవు. మధ్యాహ్నం తర్వాత వెలుగు మీ వీపు వైపు నుంచి పడుతుంది. వాన కడిగిన మర్నాడు గాలి తేటగా ఉంటుంది. ఎండాకాలంలో నీళ్ల కన్నా గాలి బాగా వేడెక్కిన రోజుల్లో మాత్రం జాగ్రత్త. చల్లటి నీటి మీద వేడి గాలి పేరుకుంటే కాంతి మామూలు కన్నా ఎక్కువ వంగి, మునగాల్సిన భాగాన్ని పైకి తెచ్చి చూపిస్తుంది. ఓడ ఒళ్లు నిలువునా సాగినట్టో, తలకిందుల బొమ్మ అతుక్కున్నట్టో కనిపిస్తే ఆ రోజు కొలత పక్కన పెట్టండి, ఏ పక్షానికి అనుకూలంగా వచ్చినా సరే.

కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఇసుకలోకి దిగి, అల తాకే చోటికి పైన ట్రైపాడ్ పెట్టండి. కాళ్లు ఇసుకలో గట్టిగా గుచ్చకపోతే పూర్తి జూమ్‌లో ఫొటో వణుకుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయండి. వెంటనే కైలాసగిరి ఎక్కండి. సుమారు 170 మీటర్ల ఎత్తు నుంచి దిగంతం 47 నుంచి 50 కిలోమీటర్ల దూరానికి జరుగుతుంది. అదే ఓడని, అదే జూమ్‌తో తీయండి. కింద పోయిన ఎర్ర పట్టీ మళ్లీ కనిపించాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా పనికొచ్చేదే కానీ అది నౌకాదళం చేతిలో ఉన్న చోటు, ప్రవేశం తేలిక కాదు. ఎక్కడి నుంచి తీసినా నేవీ ఓడల వైపు కెమెరా తిప్పకండి, సరుకు ఓడలు చాలు.

ఇక్కడ రెండు వాదనలు తప్పకుండా వస్తాయి. మొదటిది, "దూరమైతే ఏదైనా చిన్నదవుతుంది, జూమ్ చేస్తే తిరిగొస్తుంది." చిన్న పడవ విషయంలో ఇది నిజమే. కంటికి ఆనకుండా పోయిన మరపడవ ఇంకా దిగంతానికి ఇవతలే ఉంటే జూమ్‌లో మళ్లీ కనిపిస్తుంది. ఒప్పుకోండి. కానీ దూరం వల్ల చిన్నదైతే పైనా కిందా ఒకే పాళ్లలో తగ్గాలి. మేడ నిండుగా ఉండి అడుగు మాత్రమే పోదు. దూరమే కారణమైతే కొండ ఎక్కగానే పోయిన అడుగు తిరిగి రాకూడదు కూడా. రెండోది, "అలలు అడ్డొచ్చాయి." బల్లపరుపు సముద్రం మీద మీ కంటి కన్నా తక్కువ ఎత్తున్న అల, తన ఎత్తుకి మించి దేన్నీ దాచలేదు. మీటరు అల మీటరులోపే దాస్తుంది. ఎనిమిది మీటర్లు పోయాయంటే అలని నిందించి లాభం లేదు.

మూడు ఊళ్ల నీడలు

మే 10 ప్రాంతంలోనూ, ఆగస్టు 2 ప్రాంతంలోనూ విశాఖలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకి నీడ పడదు. మే నెలలో ఇది 11 గంటల 53 నిమిషాలకి, ఆగస్టులో 12 దాటి మూడు నిమిషాలకి. అదే రోజు దాదాపు ఇదే రేఖాంశం మీద ఉన్న కాశీలో మీటరు కర్రకి 13 సెంటీమీటర్ల పైన నీడ ఉంటుంది. రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ లెక్క ఇదేనంటూ దీన్ని భూమి గుండ్రమనడానికి రుజువుగా చూపిస్తుంటారు.

అది రుజువు కాదు. ఈ ఒక్క విషయంలో అనుమానించేవాళ్ల మాటే సరి. భూమి బల్లపరుపుగా ఉండి సూర్యుడు సుమారు 6,300 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నా, ఈ రెండు నీడలూ అచ్చం ఇలాగే వస్తాయి. ఎరటోస్తనీస్ గుండ్రమని ముందే ఒప్పుకుని, ఎంత పెద్దదో కొలిచాడు. ఆకారం తేల్చాలంటే మూడో ఊరు కావాలి, నీడలు పొడుగ్గా ఉండే కాలం కావాలి.

దానికి డిసెంబరు 18 నుంచి 26 దాకా మంచి అదను. ఆ రోజుల్లో సూర్యుడి ఎత్తు దాదాపు మారదు కాబట్టి మూడు ఊళ్లలో ఒకే రోజు కొలవాల్సిన పనిలేదు. ఢిల్లీలో పొగమంచు కమ్మితే మర్నాడు కొలవొచ్చు. విశాఖ, కన్యాకుమారి, ఢిల్లీ ఎంచుకోండి. ఉత్తరాంధ్ర నుంచి ఢిల్లీలో ఉద్యోగం చేసేవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు మీ చుట్టాల్లో ఒకరైనా దొరక్కపోరు.

కర్ర నీడ అంచు మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. మీటరు కర్రకి ఢిల్లీలో ఆ మసక రెండు సెంటీమీటర్లు దాటుతుంది. అందుకని కర్ర కొసకి ఒక అట్టముక్క అతికించి, దానికి 5 మిల్లీమీటర్ల చిల్లు పెట్టండి. అట్ట సూర్యుడి వైపు వాలి ఉండాలి. అట్ట నీడ మధ్యలో కోలగా సాగిన వెలుగు చుక్క పడుతుంది. దాని నడిమధ్యన పెన్సిల్ గుర్తు పెట్టండి. పెయింటు డబ్బాలో ఇసుక కూరి పీవీసీ పైపు నిలబెడితే కర్ర సిద్ధం. చిల్లు నేల నుంచి సరిగ్గా 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఒక సెంటీమీటరు తేడా వస్తే విశాఖలో నీడ దాదాపు సెంటీమీటరు మారిపోతుంది. మేస్త్రీ వాడే తూకం గుండుని చిల్లు నుంచి వదిలి, అది నేలని తాకే చోట గుర్తు పెట్టండి. కొలవాల్సింది ఆ గుర్తు నుంచి వెలుగు చుక్క దాకా, పైపు అడుగు నుంచి కాదు. ఇలా చేస్తే పైపు కొంచెం వంగినా నష్టం లేదు.

డాబా మీద నేరుగా కొలవొద్దు. వాన నీళ్లు పోవడానికి డాబాకి వాటం ఇస్తారు. నూటికి ఒకటి వాటం ఉన్నా నీడ ముప్పావు సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది. ఒక ప్లైవుడ్ పలక వేసి, కింద చెక్కముక్కలు సర్ది, స్పిరిట్ లెవెల్‌తో రెండు దిక్కులా మట్టం చూసుకోండి.

విశాఖలో ఆ రోజుల్లో సూర్యుడు ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తుకి వచ్చేది 11:55 ప్రాంతంలో, కన్యాకుమారిలో 12:18, ఢిల్లీలో 12:20. గడియారాన్ని నమ్మాల్సిన పని కూడా లేదు. అరగంట ముందు మొదలుపెట్టి ఐదు నిమిషాలకోసారి గుర్తులు పెడుతూ పోతే, అన్నిటికన్నా పొట్టి నీడే మీ మధ్యాహ్నం. మన నగరంలో ఈ పని కొత్తేమీ కాదు. గొడే వెంకట జగ్గారావు 1840లోనే డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకుని ఆకాశాన్ని కొలిచారు.

కొలత సరిగ్గా చేస్తే కన్యాకుమారిలో 61, విశాఖలో 87, ఢిల్లీలో 128 సెంటీమీటర్లకి అటూ ఇటుగా వస్తాయి. ఇప్పుడు లెక్క చూడండి. ఉత్తర దక్షిణాలుగా మాత్రమే లెక్కిస్తే కన్యాకుమారి నుంచి విశాఖ దాదాపు 1,070 కిలోమీటర్లు, విశాఖ నుంచి ఢిల్లీ 1,210. రోడ్డు దూరం వేశారా, లెక్క చెడుతుంది. భూమి బల్లపరుపైతే నీడ కిలోమీటరుకి ఒకే చొప్పున పెరగాలి. మొదటి 1,070 కిలోమీటర్లకి 26 సెంటీమీటర్లు పెరిగింది కనుక, ఢిల్లీలో 117 రావాలి. వచ్చేది 128. పదకొండు సెంటీమీటర్ల తేడాని చెయ్యి వణికిందనో, టేపు జారిందనో సర్దిచెప్పలేం. భూమి బల్లపరుపనుకుని సూర్యుడు ఎన్ని కిలోమీటర్ల ఎత్తులో ఉన్నాడో లెక్క కట్టినా అంతే: మొదటి జత ఊళ్లతో సుమారు 4,100 కిలోమీటర్లు వస్తుంది, రెండో జతతో 3,000 కన్నా తక్కువ. ఒకే సూర్యుడికి రెండెత్తులు కుదరవు. అదే నీడల్ని కాలిక్యులేటర్‌లో కోణాలుగా మారిస్తే 31.5, 41.1, 52 డిగ్రీలు. రెండు జతల్లోనూ డిగ్రీకి 111 కిలోమీటర్లే పడుతుంది. దాన్ని 360తో గుణిస్తే 40,000. భూమి చుట్టుకొలత మీ పలక మీదే దొరికింది.

మనం కొలవలేని చోట

ఓడా నీడా అందరికీ అందేవే. తుపాను, సముద్ర మట్టం, మందులు అలా కావు. అక్కడ అధికారుల మాట వినక తప్పదు. అయినా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ముందే రాసిన మాటకీ తర్వాత జరిగినదానికీ తేడా చూడటమే ఇక్కడి పద్ధతి.

తుపానుకి ఇది అన్నిటికన్నా బాగా కుదురుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన రోజు నుంచి వాతావరణ శాఖ బులెటిన్లని తేదీ, గంటతో సహా దాచుకోండి. విశాఖలోనే తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. తీరం దాటే చోటు, సమయం, గాలి వేగం మూడూ ఒక పట్టికలో రాయండి. పక్క వరసలో వాట్సాప్‌లో తిరిగే జోస్యాలనీ రాయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర గంటకి 180 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. ముందు రోజుల బులెటిన్లలో ఉత్తరాంధ్ర, ఒడిశా తీరం పేరుంది. బులెటిన్లు తప్పడమూ ఉంటుంది, అదీ రాసుకోండి. మ్యాపులో తుపాను దారి ముందుకెళ్లేకొద్దీ వెడల్పవుతూ గీస్తారే, అది వాళ్లు తమ తప్పుకి ముందే ఇచ్చుకున్న కొలత. తుపాను ఆ గీతల మధ్యన వెళ్లిందా లేదా అని చూడాలి తప్ప, నడి గీత మీద వెళ్లలేదని తప్పు పట్టకూడదు.

సముద్ర మట్టం పెరుగుతోందంటే నమ్మనివాళ్లకి విశాఖ రేవులో 1937 నుంచి ఉన్న ఆటుపోటుల రికార్డు ఉంది. సగటులు ఉచితంగా దొరుకుతాయి, గ్రాఫు మీరే గీసుకోవచ్చు. రెండు తప్పులు మాత్రం చేయకండి. మార్చి నెలని అక్టోబరుతో పోల్చకండి. మన తీరంలో రుతువుల వల్లే నీరు పదుల సెంటీమీటర్లు లేచి దిగుతుంది. ఐదారేళ్ల ముక్క తీసుకుని తీర్పు చెప్పకండి. చంద్రుడి దారిలోనే 18.6 ఏళ్ల చక్రం ఒకటుంది, అందుకని కనీసం రెండు చక్రాల నిడివి కావాలి.

గాలి సంగతి వేరు. "గాలి బాగానే ఉంది" అని ఒక అధికారి అంటే అది సైన్సు కాదు, ఒక ప్రకటన. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మిన తర్వాత జనం ప్రకటనలని నమ్మకపోతే తప్పు పట్టలేం. అప్పుడు అడగాల్సినవి: ఏ కణాలు, ఎన్ని మైక్రోగ్రాములు, ఎన్ని గంటల సగటు, కొలిచిన యంత్రం ఎక్కడుంది? గాలిలో తేలే సన్నటి ధూళి కణాలకి (పీఎం 2.5) దేశంలో 24 గంటల పరిమితి ఘనమీటరుకి 60 మైక్రోగ్రాములు, కాస్త పెద్ద కణాలకి (పీఎం 10) 100. రేవు పక్కన ఉన్న మీ ఇంటికి ఊరి మధ్యలోని యంత్రం జవాబు చెప్పదు. అలాగని ఆన్‌లైన్‌లో కొన్న చవక యంత్రాన్నీ నెత్తిన పెట్టుకోకండి. మన ఊరి చెమ్మగాలిలో నీటి తుంపరలని కూడా దుమ్ముగా లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. వాడాలంటే ముందు వారం రోజులు ప్రభుత్వ యంత్రం పక్కన పెట్టి తేడా చూసుకోండి.

మందుల విషయంలో "మా మావయ్యకి తగ్గింది" అన్నది ఏ పక్షానికీ పనికిరాదు. చాలా జబ్బులు వాటంతటవే తగ్గుతాయి. వేసుకోనివాళ్లతో పోల్చారా అన్నదే ప్రశ్న. మన దేశంలో మందుల ప్రయోగాలు మొదలుపెట్టే ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2009 నుంచి అది తప్పనిసరి. ఎవరైనా వెతకొచ్చు. ఏం కొలుస్తామని ముందు రాశారో, చివరికి ఏం కొలిచి చూపించారో పక్కపక్కన పెట్టండి. మొదటి గడిలో ఒకటి, చివర ఇంకొకటి ఉంటే మీ అనుమానం న్యాయమైనదే.

"శాస్త్రవేత్తలు ఇదివరకు తప్పు చెప్పలేదా?" అంటే, చెప్పారు. ఖండాలు కదులుతాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912లో అంటే పెద్దలు కొట్టిపారేశారు, 1960ల దాకా ఒప్పుకోలేదు. ఒప్పించింది వాదన కాదు, సముద్రం అడుగున చేసిన కొలతలు. కైలాసగిరి ఎక్కేటప్పుడు దారి పక్కన కనిపించే తుప్పు రంగు రాయి ఖోండలైట్. మన తూర్పు కనుమల శిలలకి జోడీలు తూర్పు అంటార్కిటికాలో దొరుకుతాయి. పాత మాటని కొత్త మాట పడగొట్టాలంటే ఇలాంటివి చూపించాలి. పాతది తప్పయ్యిందని చెప్పినంత మాత్రాన కొత్తది ఒప్పైపోదు.

ఇక దాచుకోవడం గురించి. ఫొటోలని కత్తిరించకుండా, రంగులు మార్చకుండా అసలు ఫైళ్లే ఉంచండి. కటకం ఎత్తు, ఓడ పేరు, దూరం, సమయం, ఆ రోజు గాలి తేటగా ఉందా లేదా అన్నవన్నీ సంతకాల కాగితం వెనక రాసి, దాన్నీ ఫొటో తీయండి. కుదరని కొలతలని కూడా చింపేయకండి. మంచివే ఏరి పెట్టారన్న మాట రాకుండా ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి ఎర్ర పట్టీ కాస్తా మసకైపోతుంది, తీసిన సమయం వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పెట్టి పంపండి.